పేర్లు లేని ప్రార్థన

మా నాన్న ప్రార్థన మొదలుపెడితే మా చర్చి సంఘంలో ఎవరూ కళ్ళు మూసుకునేవారు కాదు. పద్ధతి ప్రకారం తలలు మాత్రం వంచుకునేవారు. ఆ వంచిన తలల కిందనుంచే ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ, తర్వాతి వంతు ఎవరిదోనని ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకునేవాళ్ళు కొందరు, చీర చెంగు నోట్లో కుక్కుకునేవాళ్ళు కొందరు. నేను మాత్రం పళ్ళు కొరుక్కునేదాన్ని. చిన్నప్పట్నుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ ప్రార్థనలు తలుచుకుని ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకుంటాను. అప్పుడు నవ్వనందుకు కాస్త సిగ్గు కూడా పడతాను.

మేం చిలకలగూడలో ఒక మేడమీది వాటాలో అద్దెకుండేవాళ్ళం. అమ్మానాన్నలది గుంటూరు వైపు. పెళ్ళయిన కొత్తలో సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న ఒక మిషను స్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మ ఆస్పత్రిలో నర్సు. నేనొక్కదాన్నే వాళ్ళకి. నాన్నకి లెక్కలకంటే పేర్లంటే ఎక్కువ ఇష్టమని నా అనుమానం. క్లాసులోకి వెళ్ళి హాజరుపట్టీ తెరవకుండానే పిల్లలందరి పేర్లూ వరసగా పిలిచేవాడు. ఎప్పుడో పదేళ్ళ కింద చదువుకుని వెళ్ళిపోయినవాడు బస్టాండులో ఎదురుపడినా ఇంటిపేరుతో సహా పిలిచి, వాడి తమ్ముడి పేరు కూడా చెప్పి, "వాడేం చేస్తున్నాడ్రా ఇప్పుడు" అని అడిగేవాడు. వాళ్ళు మొహాలు వెలిగిపోయి నిలబడిపోయేవాళ్ళు. నేను పక్కన నిలబడి, బస్సు పోతోంది నాన్నా అని చెయ్యి గుంజేదాన్ని.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా స్టేషన్ దగ్గర మలుపులో నాన్న స్కూటరు జారింది. ఒంటిమీద పెద్ద గాయాల్లేవు. తల మాత్రం రోడ్డు మధ్య దిమ్మెకి కొట్టుకుంది. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ ఇరవై రోజుల గురించి రాయడం నాకిష్టం లేదు. అమ్మ పనిచేసే ఆస్పత్రే కాబట్టి, తన మొగుడికి తనే డ్యూటీ చేసిందని మాత్రం చెబుతాను.

కళ్ళు తెరిచి మాట్లాడ్డం మొదలుపెట్టాక డాక్టరుగారు నన్ను చూపించి, "ఈ అమ్మాయి ఎవరు మాస్టారూ?" అని అడిగారు. నాన్న నన్ను చాలాసేపు చూశాడు.

"మా అమ్మాయే. దీనికి కోపం ఎక్కువ" అన్నాడు.

పేరు చెప్పమంటే చెప్పలేకపోయాడు. అమ్మని చూపిస్తే, "నాకు వేడివేడిగా పెట్టి తను చల్లారిపోయింది తింటుంది" అన్నాడు. ఆవిడ పేరూ రాలేదు. అమ్మ వార్డు బయటికెళ్ళి ఏడ్చి, మొహం కడుక్కుని తిరిగొచ్చి, "ఇంకో ప్రశ్న అడగండి డాక్టరుగారూ" అంది.

డాక్టరుగారు స్కాను ఫిల్ములు చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పిందంతా అమ్మ నాకు ఇంటి భాషలో చెప్పింది. "తల్లో పేర్లు దాచుకునే సొరుగు బిగుసుకుపోయింది. మనుషులు గుర్తున్నారు, వాళ్ళ సంగతులు గుర్తున్నాయి, పేరొక్కటే బయటికి రాదు. ఇంకోటి కూడా పోయింది. ఏది పైకి అనాలి, ఏది లోపలే పెట్టుకోవాలి అని చూసుకునే గేటు. అది ఇక పడదు." ఇవి కాక ఎడమకాలు కొంచెం ఈడ్చేవాడు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే తలనొప్పి వచ్చేది. మిక్సీ వేస్తే మెట్లు దిగి వీధిలోకి వెళ్ళి నిలబడేవాడు. పొద్దున ఉప్మా తిని అరగంట తిరక్కుండా మళ్ళీ టిఫినడిగేవాడు. ఇప్పుడేగా తిన్నావు అని నేను విసుక్కుంటే, "బాగున్నట్టుందమ్మాయ్, అందుకే మళ్ళీ అడుగుతున్నాను" అనేవాడు. అమ్మ నవ్వి ఇంకో గరిటె వేసేది.

దెబ్బ తగిలాకే మాస్టారు ఇంత మెత్తబడ్డాడని అనేవాళ్ళుండేవారు. అది అబద్ధం. ముందు కూడా నాన్న అంతే. పరీక్షల్లో తప్పిన పిల్లల్ని ఇంటికి తీసుకొచ్చి, లెక్కలు చెప్పి, అన్నం పెట్టి పంపేవాడు. స్కూలువాళ్ళు మర్యాదగానే మళ్ళీ రమ్మన్నారు. ఒక్కరోజు వెళ్ళాడు. పిల్లల ముందు నిలబడి పిలవబోతే ఒక్క పేరూ రాలేదట. ఇంటికొచ్చి చెప్పులు విప్పి పక్కన పెట్టి, "ఇక నేను వెళ్ళనులే" అన్నాడు. ఆ తర్వాత స్కూటరు కూడా అమ్మేశాం.

నాన్నకి అప్పుడు మిగిలింది ఒక్క పని. దాని గురించి చెప్పాలంటే మా శుక్రవారాల గురించి చెప్పాలి.

మా సంఘంలో శుక్రవారం సాయంత్రాలు ఇంటింటి ప్రార్థన జరిగేది. కాటేజీ మీటింగు అనేవాళ్ళం. వారానికొకరింట్లో. చాపలు పరిచి, పక్కవాటాల నుంచి కుర్చీలు అడిగి తెచ్చి, ఒక కీర్తన పాడి, వాక్యం చదివి, పాస్టరు అయ్యగారు నాలుగు మాటలు చెప్పాక, చివర్లో విజ్ఞాపన ప్రార్థన. అంటే జబ్బుపడ్డవాళ్ళు, పరీక్షలు రాస్తున్నవాళ్ళు, పెళ్ళి కుదరనివాళ్ళు, బదిలీ కోరుకునేవాళ్ళు, అందరి తరఫునా ఒకరు దేవుణ్ణి అడగడం. ఆ తర్వాత టీ, మిక్చరు, బేకరీ కేకు ముక్క. ఏళ్ళ తరబడి ఆ విజ్ఞాపన నాన్నదే. కాగితం చూడకుండా సంఘంలోని ఇళ్ళన్నిటి పేర్లూ చెప్పగలిగింది నాన్న ఒక్కడే మరి.

దెబ్బ తగిలాక ఆ పని వేరేవాళ్ళు చేశారు. కాగితం మీద రాసుకొచ్చి చదివేవారు. నాన్న మూల కుర్చీలో కూర్చుని పెదాలు కదిపేవాడు. పేరు దగ్గరికొచ్చేసరికి పెదాలు ఆగిపోయేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఒకరోజు ఇంటికి నడిచొస్తుంటే నాతో అన్నాడు. "బడి పోయిందంటే సర్లే అనుకున్నాను. స్కూటరు పోయినా సర్లే. ఇది కూడా పోతే నేనెందుకమ్మాయ్?" రోడ్డు చూసి నడువు నాన్నా అని కసిరాను.

అమ్మ వెళ్ళి అయ్యగారికి చెప్పినట్టుంది. ఆ వచ్చే శుక్రవారం అయ్యగారు అందరి ముందూ, "మాస్టారూ, పేర్లు దేవుడికి తెలుసు. ఆయనకి మనం ఎవర్నీ పరిచయం చెయ్యక్కర్లేదు. మీకు తెలిసింది మీరు చెప్పండి, ఆయన పోల్చుకుంటాడు" అన్నారు. ఎంత అమాయకంగా ఆ మాట అన్నారో అయ్యగారికి పది నిమిషాల్లో తెలిసొచ్చింది.

నాన్న లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. "ప్రభువా, మూలింట్లో ఉండే అమ్మ. షుగరున్నా సున్నుండలు కుట్టుమిషను సొరుగులో దాచుకుని తింటుంది. ఆమె పాదం మీది పుండు మాన్పు." మూలింటి ఆంటీ కెవ్వుమనలేదుగానీ దాదాపు అంతపనీ చేసింది. పక్కనే ఉన్న కోడలు తలెత్తి అత్తగారివైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ సొరుగుకి మర్నాడే తాళం పడిందని విన్నాం. పుండు నెల తిరక్కుండా మానింది. దేవుడు విన్నాడో కోడలు విన్నదో మాకు తెలీదు.

అక్కడితో ఆగలేదు. "పాటల్లో బొంగురు గొంతుతో పాడే అన్న. కొత్త పళ్ళసెట్టు నొప్పెడుతోందని తీసి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు." ఆయన చెయ్యి గబుక్కున జేబు మీదికి పోయింది. "యాప్రాల్లో స్థలం అమ్మాలా వద్దా అని పోట్లాడుకుని, రెండు నెలలుగా మాటల్లేక ఫ్రిజ్జు మీద చీటీలు అంటించుకుంటున్న ఆలుమగలు. చీటీల్లో కూడా 'గారు' అనే రాసుకుంటున్నారు ప్రభువా. ఇంకా ఆశ ఉంది." ఆ ఆలుమగలు ఇద్దరూ ఆ గదిలోనే, ఆ గోడకొకరు ఈ గోడకొకరు కూర్చుని ఉన్నారు. మీటింగయ్యాక ఒకే ఆటోలో, గట్టిగా పోట్లాడుకుంటూ వెళ్ళారు. కనీసం నోరు విప్పారని అందరం సంతోషించాం.

ఈ సంగతులన్నీ నాన్నకెలా తెలుసంటారా, వాళ్ళే చెప్పేవారు. నాన్న వారమంతా గొడుగు, గుడ్డసంచీ పట్టుకుని, కాలీడ్చుకుంటూ ఇల్లిల్లూ తిరిగేవాడు. వెళ్ళినచోట కూర్చుని, "ఎలా ఉన్నారండీ" అని అడిగి, చెప్పేదాకా కదిలేవాడు కాదు. ఈ ఊళ్ళో ఎలా ఉన్నారని అడిగి జవాబు కోసం ఆగే మనిషి ఇంకొకరు లేరు. పైగా పేర్లే గుర్తుండని మనిషికి సంగతులేం గుర్తుంటాయిలే అని అందరి ధీమా. గోడకి చెప్పుకోవడానికి బదులు మాస్టారికి చెప్పుకునేవాళ్ళు. ఒక్క ప్రార్థన విన్నాకైనా జాగ్రత్తపడాలి కదా. పడలేదు. తన సంగతి మాత్రం మాస్టారు మరిచిపోతాడని ప్రతి ఒక్కరూ నమ్మారు.

నాకు ఒళ్ళు మండిపోయేది. నవ్వుతున్నది నాన్నని చూసేనని నా బాధ. ఇంటికొచ్చాక నిలదీసేదాన్ని. "అలా అన్నీ చెప్పేస్తావా నాన్నా? ఎవరైనా అలా చెబుతారా?"

"ఏది చెప్పకూడదో నువ్వు ముందే చెప్పమ్మాయ్, మానేస్తాను."

"చెబితే గుర్తుంటుందా నీకు?"

నాన్న నిజాయితీగా ఆలోచించేవాడు. "చెప్పకూడదన్నది గుర్తుండదు. సంగతే గుర్తుంటుంది."

సంఘ పెద్దలు ఒకరిద్దరు అయ్యగారి దగ్గర గొణిగారు. "పోనీ మాస్టార్ని ఆపమంటారా?" అని అయ్యగారు అడిగితే ఎవరూ ఆపమనలేదు. నిజం చెప్పాలంటే శుక్రవారాలకి జనం పెరిగారు. ఆఖరికి మా కింద వాటా ఇంటి ఓనరమ్మ కూడా మీటింగు మా ఇంట్లో ఉంటే మెట్లెక్కి వచ్చేది. ఆవిడ బోనాలెత్తే మనిషి. కీర్తనలయ్యేదాకా గుమ్మం దగ్గర కూర్చుని, "సార్, నా మోకాళ్ల ముచ్చట సుత మీ దేవునికి జెర చెప్పు" అని గుర్తుచేసేది. నాన్న చెప్పేవాడు. "ప్రభువా, కింద వాటా అక్క. ఈమెకి తన అమ్మవార్లున్నారు. వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యి." అయ్యగారికి ఆ క్షణంలో కచ్చితంగా గొంతులో ఏదో అడ్డుపడేది.

ఈలోగా నా డిగ్రీ అయింది. ఆ రోజుల్లో మా వీధి గోడలనిండా కంప్యూటరు కోర్సుల పోస్టర్లే. అందరితోపాటు నేనూ అమీర్‌పేట వెళ్ళి ఆరునెలలు కోర్సు చేసి, ఊరికి ఆ చివర కొత్తగా లేచిన అద్దాల మేడల్లో ఒకదాంట్లో ఉద్యోగం సంపాదించాను. మా సంఘంలో మొదటి సాఫ్ట్‌వేరు అమ్మాయిని నేనే. పొద్దున్నే కంపెనీ బస్సు స్టేషన్ దగ్గరికొచ్చి ఎక్కించుకుపోయేది. ఆదివారం చర్చిలో ఆంటీలు కొడుకుల బయోడేటాలు కవర్లో పెట్టి చేతికిచ్చేవారు. అయ్యగారు ప్రసంగంలో రెండుసార్లు నా ప్రస్తావన తెచ్చారు. నాన్నయితే, "ప్రభువా, మా కోపం పిల్లకి కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం ఇచ్చావు. వందనాలు. అది కంప్యూటరు మీద అరవకుండా చూడు" అని ప్రార్థించాడు. ఆ ఒక్కసారీ నేనూ నవ్వాను. నా నడకే మారిపోయిందని అమ్మ అనేది. అమ్మకి నైటు డ్యూటీలు చేసి చేసి నడుము పట్టేసేది. ఇక మానెయ్యమ్మా, నేనున్నానుగా అని నెలలపాటు పోరి, నేనే అమ్మ చేత ఉద్యోగం మాన్పించాను.

అమ్మ మానేసిన నాలుగు నెలలకి నా ఉద్యోగం పోయింది.

అమెరికా నుంచి రావాల్సిన పనులు ఆగిపోయాయట. ఒక సోమవారం మాలో కొందరిని ఒక గదిలోకి పిలిచి, మంచినీళ్ళ సీసాలిచ్చి, మర్యాదగా చెప్పి, మెడలో ట్యాగులు తీసేసుకున్నారు. ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పలేదు. చెబితే మర్నాడే అమ్మ యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని ఆస్పత్రికి బయల్దేరుతుంది. అది నాకు తెలుసు. అది సగం కారణం. రెండో సగం నా పొగరు. బయోడేటాలిచ్చిన ఆంటీల మొహాలు చూడలేననుకున్నాను. అందుకని మెడలో కోర్సు చేసినప్పటి పాత ఇన్‌స్టిట్యూటు కార్డు వేసుకుని, దాన్ని తిరగేసి, అమ్మ కట్టిచ్చిన బాక్సు పట్టుకుని, రోజూ వేళకి బయల్దేరేదాన్ని. స్టేషన్‌కెళ్ళి, ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని, చివరి బెంచీ మీద పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చూస్తూ కూర్చునేదాన్ని. మధ్యాహ్నం ఇంటర్నెట్టు సెంటరుకెళ్ళి నాలుగు దరఖాస్తులు పంపేదాన్ని. స్టేషన్లో సంచీతో కూర్చున్న మనిషిని ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు.

రెండో వారంలో ఒక పొద్దున తలెత్తి చూస్తే ఎదురుగా నాన్న, గొడుగుతో.

"ఊరెళ్తున్నావా అమ్మాయ్?"

ముందు నాకొచ్చింది కోపమే. "నువ్విక్కడికెందుకొచ్చావ్? పట్టాల దగ్గర ఒక్కడివే తిరుగుతావా?" అని అరిచాను. నాన్న ఏమీ అనుకోలేదు. మా సంఘంలో ఒకాయన ఆ స్టేషన్లో సామాన్లు దాచే గదిలో పనిచేసేవాడు. ఆయన కిడ్నీలో రాయి ఎంతవరకూ దిగిందో కనుక్కోవడానికి నాన్న వారం వారం అక్కడికొచ్చేవాడట. నాకు ఆ సంగతి తెలిస్తే వేరే స్టేషన్ చూసుకునేదాన్ని.

నాన్న నా పక్కన కూర్చుని, సంచీలోంచి ఎవరో ఇచ్చిన జామకాయ తీసి నాకిచ్చాడు. బాక్సు, మెడలో తిరగేసిన కార్డు, పేపరు చూశాడు. "మీ ఆఫీసు ఇక్కడికి మార్చారా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ కలిపి మొత్తం చెప్పేశాను.

నాన్న సాంతం విన్నాడు. "నాకూ పోయిందిగా" అన్నాడు. "ఏం కాదమ్మాయ్. మొదట్లో పొద్దున్నే ఏం చెయ్యాలో తోచదు. తర్వాత బోలెడు పని ఉంటుంది."

అప్పటికి పది రోజులుగా ఆ ఒక్క మాట నాతో అనడానికి మనిషి లేడు. జామకాయ తింటూ తేలికపడ్డాను. అంతలోనే శుక్రవారం గుర్తొచ్చింది.

"నాన్నా, ఇది ఎవరికీ చెప్పకు. అమ్మకి కూడా."

"సరే."

"ప్రార్థనలో కూడా చెప్పకు."

నాన్న నావైపు తిరిగి, "ప్రార్థనలో కూడానా?" అన్నాడు.

"ప్రార్థనలో కూడా."

ఒక రైలు వచ్చి వెళ్ళిపోయింది. అప్పుడు "సరే" అన్నాడు. నాకు నమ్మకం లేదు. మాటిచ్చిన సంగతి మరిచిపోతాడు, అసలు సంగతి మాత్రం గుర్తుంటుంది. ఎన్నిసార్లు చూడలేదు.

ఆ శుక్రవారం ఆలుమగలిద్దరి ఇంట్లో. ఫ్రిజ్జు మీద చీటీలు లేవని అందరం ముందే చూసుకున్నాం. అయ్యగారు, "మాస్టారూ, ప్రార్థన చేద్దాం" అనగానే కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను.

"ఈ వేళ నాకొద్దండీ. వేరే ఎవరైనా చెయ్యండి" అన్నాడు నాన్న.

ఎవరో కాగితం తీసి చదివారు. బతికిపోయాను అనుకున్నాను. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. తర్వాతి శుక్రవారం కూడా నాన్న వద్దన్నాడు. ఆ తర్వాతి వారమూ వద్దన్నాడు. నేను ఎంత మొద్దునో, ఎంత స్వార్థపరురాలినో చూడండి. నాన్న ఎందుకు వద్దంటున్నాడని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. హమ్మయ్య అనుకోవడంతోనే సరిపోయింది.

నాన్న ఇళ్ళకి తిరగడం మాత్రం మానలేదు. వెళ్ళి వినేవాడు. ఇంటికొచ్చి మూల కుర్చీలో కూర్చునేవాడు. పెదాలు కదిపేవాడు కాదు. ఉప్మా రెండోసారి అడగడం కూడా మానేశాడు. అమ్మ భయపడింది. తలలో మళ్ళీ ఏదైనా మొదలైందేమోనని, డాక్టరుగారితో మాట్లాడి స్కానుకి రోజు కూడా ఖాయం చేసుకుంది.

నాలుగో శుక్రవారం మీటింగు మా ఇంట్లోనే. చాపలు పరవాలని ఆఫీసులో సెలవు పెట్టానని అమ్మకి ఇంకో అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయాను. మధ్యాహ్నం కుర్చీలడగడానికి కిందికెళితే ఓనరమ్మ నన్ను ఆపింది.

"ఏందమ్మా, సార్‌కి ఏమైంది? జెర పరేషాన్ల ఉన్నట్టుండు. నెలాయె, నా మోకాళ్ల ముచ్చట దేవునికి చెప్తలేడు. పొద్దుగాల అడిగిన. నోరు తెరిస్తే కష్టం అక్కా అన్నడు. ఏందా కష్టం?"

కుర్చీలు అక్కడే వదిలేసి మెట్లెక్కాను. నాన్న కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. గొంతు తగ్గించి అడిగాను.

"నాన్నా, ప్రార్థన ఎందుకు చెయ్యట్లేదు?"

"నువ్వు వద్దన్నావుగా."

"నేను వద్దన్నది నా ఒక్క సంగతి. మిగతావి చెప్పొచ్చుగా."

"మొదలుపెడితే అదీ వచ్చేస్తుందమ్మాయ్. ఒకటి ఆపడం నాకు రాదు. మొత్తం ఆపడమైతే వచ్చు" అన్నాడు నాన్న.

నేను అక్కడే చాప మీద కూర్చుండిపోయాను. గేటు పడదని డాక్టరుగారు చెప్పారు. అందుకని నా మూలంగా నాన్న తలుపే మూసేసుకున్నాడు. ఇది కూడా పోతే నేనెందుకు అని నాతోనే అన్న మనిషి, నేనడిగానని దాన్నే వదిలేసుకున్నాడు. మాటిచ్చింది మరిచిపోతాడని నేను అనుకున్నాను. మూడు వారాలకు పైగా రోజూ గుర్తుపెట్టుకున్నాడు. దానికి ఎంత కష్టపడి ఉంటాడో ఇప్పటికీ ఊహించలేను.

ఒక మాట ఇక్కడే చెప్పేస్తాను. ఆ తర్వాత ఐదారు నెలలకి నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. ఈలోగా అమ్మ తనకి తెలిసిన పిల్లల డాక్టరు దగ్గర పగటిపూట పనికి కుదిరింది. నడుమూ బాగానే ఉంది. నేను భయపడినదేదీ జరగలేదు. బయోడేటాల ఆంటీలు నాకే ప్రకటనలు కత్తిరించి తెచ్చిచ్చారు. కానీ ఆ మధ్యాహ్నం ఇవేవీ నాకు తెలీదు.

సాయంత్రం ఇల్లు నిండిపోయింది. ఓనరమ్మ గుమ్మం దగ్గర కూర్చుంది. మూలింటి ఆంటీ, కోడలు, పళ్ళసెట్టు అంకుల్, ఆలుమగలు, కిడ్నీలో రాయి ఆయన, అందరూ వచ్చారు. కీర్తన పాడారు. వాక్యం అయింది. అయ్యగారు నాన్న వైపు చూసి, అడగాలా వద్దా అని తటపటాయించారు. ఆయన నోరు తెరిచేలోగా నేను లేచి నిలబడ్డాను. చున్నీ తల మీదికి లాక్కున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చెయ్యలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీక నాన్న పద్ధతే పట్టుకున్నాను.

"ప్రభువా, ఈ ఇంట్లో ఒక అమ్మాయి ఉంది. సాఫ్ట్‌వేరు ఉద్యోగమని మెడలో ట్యాగు వేసుకుని తిరిగేది. ఆ ఉద్యోగం పోయింది. రోజూ స్టేషన్లో కూర్చుని, ఆఫీసుకెళ్ళొచ్చానని అమ్మతో అబద్ధం చెబుతోంది. వాళ్ళ నాన్నకి తెలుసు. చెప్పొద్దని నోరు కట్టేసింది. ఆయన్ని ప్రార్థన చేసుకోనివ్వు."

ఆమేన్ అనడం మరిచిపోయాను. అమ్మ కళ్ళు తెరిచి, ప్రార్థన మధ్యలోనే అడిగింది. "ఎన్నాళ్ళయింది?"

"నెల దాటింది."

"మరి బాక్సులో అన్నం ఎక్కడ తింటున్నావే?"

"ప్లాట్‌ఫారం మీద."

"ఆ ఈగల్లోనా?" అంది అమ్మ. నర్సు బుద్ధి పోదు కదా. గుమ్మం దగ్గర ఓనరమ్మ, "అయ్యో బిడ్డా, మా ఇంట్ల కూసుంటె అయిపోవు గదా" అంది. మూలింటి ఆంటీ ముక్కు చీదింది. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అయ్యగారు గొంతు సవరించుకుని, "కళ్ళు మూసుకుందాం" అన్నారు. "మాస్టారూ."

నాన్న లేచాడు. లేవడంలోనే తొందర తెలిసింది. నెల రోజుల సరుకు లోపలుంది మరి. కిడ్నీలో రాయి దిగిందని వందనాలు చెప్పాడు. దిగేటప్పుడు ఆయన స్టేషన్లో ఎవరి సామాను మీద కూర్చుని ఏడ్చాడో అదీ చెప్పాడు. పళ్ళసెట్టు ఇప్పుడు నోట్లోనే ఉందన్నాడు. ఆలుమగలు స్థలం అమ్మట్లేదు, కానీ అందులో మామిడి వెయ్యాలా కొబ్బరి వెయ్యాలా అని కొత్తగా మొదలుపెట్టారు అన్నాడు. సున్నుండలు మిషను సొరుగులోంచి బియ్యం డబ్బాలోకి మారాయన్నాడు. కోడలు కళ్ళు తెరిచింది. మోకాళ్ళ సంగతి రెండుసార్లు చెప్పాడు, ఆలస్యమైనందుకు క్షమించమని కూడా అడిగాడు. అమ్మ టీ రెండుసార్లు వేడిచేసింది. తలలు వంచుకున్న జనం భుజాలు కదులుతున్నాయి. నేను పళ్ళు కొరుక్కోలేదు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను, కళ్ళు తుడుచుకుంటూ.

చివర్లో నాన్న ఆగాడు. అయిపోయిందనుకుని అయ్యగారు ఆమేన్‌కి సిద్ధమయ్యారు. నాన్న చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించి, ఆ ఒక్క ముక్క దేవుడికి మాత్రమే చెబుతున్నట్టు చెప్పాడు.

"ప్రభువా, మా అమ్మాయి ఉద్యోగం సంగతి నేను చెప్పలేదు. తనే చెప్పింది. నువ్వూ విన్నావు."